బండి వయస్సు - బండి పొగ

ఎద్దును కొనునపుడు రైతు పండ్లు చూచి వయస్సు లెక్కించును. కాని నడకను చూడక బేరము ముగింపడు. ఢిల్లీలో పాత డీజిలు కారులనుగూర్చి పుట్టిన వివాదమును ఇట్టిదే.

డీజిలు పొగ క్యాన్సరును కలిగించునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధన సంఘము 2012లో నిర్ణయించెను. 2015 ఏప్రిలు 7వ తేదీన జాతీయ హరిత ట్రిబ్యునలు, 10 ఏండ్లు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీ ప్రాంతమున తిరుగరాదని ఆజ్ఞాపించెను. 2018లో సుప్రీముకోర్టు దానిని స్థిరపరచెను.

2025 జూలై 1వ తేదీనుండి పాతబండ్లకు బంకులలో ఇంధనము పోయుట మాన్పిరి. ప్రజలు గగ్గోలుపెట్టగా కొలదిదినములకే ఆ కట్టడి ఆగెను. వారానికొకనాడు కదలు బండికిని, రేయింబవళ్లు తిరుగు బండికిని ఒకే ఆయువా యని యజమానుల ప్రశ్న. వయస్సొక్కటే కారణముగా చర్య గైకొనరాదని ఆగస్టులో సుప్రీముకోర్టు పలికెను; గాలి మరల విషమింపగా, డిసెంబరులో ఆ రక్షణను భారత్ స్టేజి నాలుగవ ప్రమాణమును, అటుపై ప్రమాణములును గల బండ్లకే పరిమితము చేసెను.

వయస్సును లెక్కించుట సులభము. పొగను కొలుచుట కష్టము. సులభమైన లెక్క సామాన్యుని బండిని హరించును. లెక్కయే లేకున్న పసిబిడ్డల ఊపిరి హరించును. కావున కష్టమైనను పొగను నిజముగా కొలుచుటయే న్యాయము.