మండే బొగ్గును తూకం వేసినవారు

1814 మార్చి 27, ఆదివారం. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం. టస్కనీ గ్రాండ్ డ్యూక్ వారి భారీ భూతద్దాన్ని ఎండకు ఎదురుగా నిలబెట్టారు. ఆక్సిజన్ నింపిన గాజు గోళంలో, ప్లాటినం ఆధారం మీద ఒక చిన్న వజ్రం. ఇంగ్లండ్ నుంచి వచ్చిన హంఫ్రీ డేవీ, ఆయన సహాయకుడు, 22 ఏళ్ల మైకేల్ ఫారడే సూర్యకిరణాలను దాని మీదికి మళ్లించారు. ముప్పావు గంట గడిచాక వజ్రం అంటుకుంది. అద్దం పక్కకు తప్పించినా ఎర్రటి కాంతితో మండుతూనే ఉంది. చీకట్లో పెడితే దాదాపు నాలుగు నిమిషాలు మండిందని ఫారడే తన డైరీలో రాసుకున్నాడు.

వజ్రం మండుతుందన్నది అప్పటికి కొత్త సంగతి కాదు. 1772లోనే పారిస్‌లో లవోజియె వజ్రాన్ని కాల్చి, వచ్చిన వాయువు సున్నపు తేటను తెల్లబరచడం చూశాడు. ఒకే బరువున్న వజ్రం, బొగ్గు కాలిస్తే ఒకే మొత్తంలో కార్బన్ డయాక్సైడ్ వస్తుందని 1797లో స్మిత్సన్ టెనెంట్ తేల్చాడు. ఏం మండుతోంది, ఎంత వాయువు వస్తోంది అన్న ప్రశ్నలకు అలా జవాబులు దొరికాయి. ఎంత వేగంగా మండుతోంది అన్న ప్రశ్న మాత్రం ఇంకో వందేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది.

దానికి రెండు పనిముట్లు కావాలి. మొదటిది సూత్రం. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ రసాయన చర్య ఎంత వేగం పుంజుకుంటుందో చెప్పే సమీకరణాన్ని 1889లో స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్ వివరించాడు. చర్య మొదలవడానికి అణువులు దాటాల్సిన అడ్డుగోడ ఎత్తే ఉత్తేజన శక్తి. రెండోది త్రాసు. కొలిమిలో పదార్థం వేడెక్కుతుండగానే దాని బరువును చూపించే థర్మోబ్యాలెన్స్‌ను 1915లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో కొతారో హోండా తయారుచేశాడు.

అసలు మలుపు 1934లో వచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో టు, డేవిస్, హాటెల్ అనే ముగ్గురు సుమారు అంగుళం వ్యాసమున్న కార్బన్ గోళాన్ని త్రాసుకు వేలాడదీసి విద్యుత్ కొలిమిలోకి దించారు. ఉష్ణోగ్రత, గాలి వేగం, ఆక్సిజన్ పాలు మారుస్తూ బరువు ఎంత తగ్గుతోందో రాసుకున్నారు. తక్కువ వేడిలో ఉష్ణోగ్రత కాస్త పెరిగినా వేగం అమాంతం పెరిగింది, గాలి హెచ్చినా పెద్దగా తేడా రాలేదు. బాగా వేడెక్కాక కథ తిరగబడింది. ఉష్ణోగ్రత ప్రభావం మందగించి, గాలి వేగమే కీలకమైంది. రసాయన చర్య అంత చురుగ్గా సాగుతున్నప్పుడు, గోళాన్ని చుట్టుకున్న నిశ్చలమైన వాయుపొరను దాటి ఆక్సిజన్ ఎంత త్వరగా చేరితే అంత త్వరగా మండుతుంది. కొలిమిలో తిత్తి ఊదగానే బొగ్గు భగ్గుమనేది ఇందుకే.

ఈ రెండు దశల మధ్య మరో చిక్కు దాగి ఉంది. బొగ్గు పైకి గట్టిగా కనిపించినా లోపలంతా సూక్ష్మ రంధ్రాలే. ఆక్సిజన్ లోపలికి దూరుతూనే దారిలో ఖర్చయిపోతుంటే, కొలతలో కనిపించే ఉత్తేజన శక్తి అసలు విలువలో సగానికి పడిపోతుందని 1939లో సోవియట్ శాస్త్రవేత్త జెల్డోవిచ్ లెక్కగట్టి చూపాడు. త్రాసు చెప్పింది నిజమే, దానికి మనం చెప్పుకునే అర్థమే తప్పుతుంది!

1978లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఐ.డబ్ల్యూ. స్మిత్ రకరకాల కార్బన్ల లెక్కలను ఒకచోట చేర్చి, రంధ్రాల ప్రభావాన్ని, లోపలి ఉపరితలాన్ని పరిగణించి సరిచేశాడు. సగటు ఉత్తేజన శక్తి మోల్‌కు 179 కిలోజౌళ్ల దగ్గర తేలింది. ఆ లెక్కన 500 డిగ్రీల సెల్సియస్ నుంచి 530కి వెళితే చాలు, వేగం మూడింతలకు దగ్గరవుతుంది. ఇంత సరిచేసినా ఒకే ఉష్ణోగ్రత వద్ద కార్బన్ల మధ్య తేడా పదివేల రెట్ల దాకా మిగిలింది. కార్బన్ నిర్మాణం, అందులో కలిసిన సోడియం, పొటాషియం వంటి మలినాలు ఈ తేడాకు ముఖ్య కారణాలు.

అందుకే నేటి ప్రయోగశాలలో జాగ్రత్త ఎక్కువ. కొన్ని మిల్లీగ్రాముల పొడిని పలుచగా పరుస్తారు. నమూనాను సగానికి తగ్గిస్తారు, గాలి ప్రవాహం పెంచుతారు. గ్రాముకు లెక్కించిన వేగం అప్పటికీ మారకపోతేనే అది రసాయన చర్య వేగమని ఒప్పుకుంటారు.

కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో సింగరేణి బొగ్గు మెత్తటి పొడిగా మారి, బాయిలర్ కొలిమిలో కొన్ని సెకన్లే ఉంటుంది. ఆ లోపు కాలని కార్బన్ బూడిదతో కలిసి వృథాగా పోతుంది. ఆ కొద్దిపాటి వ్యవధికి కొలిమిని రూపొందించేవారికి నమ్మదగిన అంకె కావాలి. ఉష్ణోగ్రత, రేణువు పరిమాణం, గాలి వేగం, ఆక్సిజన్ పాలు పక్కన రాయని దహన వేగం, ఎంత ఖరీదైన త్రాసు మీద కొలిచినా, కొలిమి కట్టడానికి పనికిరాదు.