వంకరమెడ – కత్తి నుండి వ్యాయామము వరకు

చెవి వెనుక నుండి రొమ్ముటెముక వరకు సాగు కండరము కురుచయైనచో, పసిబిడ్డ తల ఆ ప్రక్కకు వాలి, గడ్డము అవతలి ప్రక్కకు తిరుగును. ఇదియే పుట్టు వంకరమెడ.

డచ్చి వైద్యుడు టుల్ప్ 1641లో వెలువడిన తన గ్రంథమున, ఇట్టి బాలుని మెడకు జరిగిన శస్త్రచికిత్సను వర్ణించెను. కండరమును కోసి తలను నిలుపుట నాటి పద్ధతి.

1958లో గ్లాస్గోయందు ఇయాన్ డొనాల్డ్ బృందము, చెవికి వినరాని ధ్వనితో తీసిన శరీరాంతర్భాగముల చిత్రములను ప్రకటించెను. ఆ ధ్వని కండరమును తాకి మరలివచ్చి, గట్టిపడిన చోటును తెరపై చూపును.

తొలి నెలలలోనే గుర్తించినచో, ఫిజియోథెరపిస్టు నేర్పిన మెడ వ్యాయామమును తల్లి చేయించుట వలననే పెక్కుమంది బిడ్డలకు కోత లేకయే నయమగును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఆశా కార్యకర్తలు పసికందులను ఇండ్లవద్దనే చూచుచున్నారు. నల్లగొండ జిల్లా మాడుగులపల్లి వంటి ఊళ్లకు ఆ తొలి చూపే ముఖ్యము.