నీరెండకు ఎదురుగా పంటపొలం: ఛాయాచిత్రణ పద్ధతులు

సూర్యుడు దిగంతానికి దగ్గరగా ఉన్న వేళ ఆ వెలుగుకు ఎదురుగా నిలిచి చిత్రం తీయడాన్ని ఎదురు వెలుగు ఛాయాచిత్రణ అంటారు. ఫ్రెంచి చిత్రకారులు దీనికి వాడిన 'కోంత్ర జూర్' అనే మాటకు 'పగటికి ఎదురుగా' అని అర్థం. సూర్యుణ్ణి వీపు వెనుక ఉంచుకోవాలన్నది కెమెరా పట్టిన ప్రతివారూ నేర్చుకునే మొదటి పాఠం. పంటపొలం విషయంలో ఆ పాఠాన్ని కొంతసేపు పక్కన పెట్టవలసి వస్తుంది. తుంగభద్ర ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో మన తెలుగు రైతుల క్యాంపుల చుట్టూ ఉన్న పొలాలను ఉదాహరణగా తీసుకొని ఈ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాము.

కాంతి స్వభావం

నడినెత్తిన ఉన్న సూర్యుని కిరణాలు వాతావరణాన్ని అతి తక్కువ దూరం దాటి వస్తాయి. సూర్యుడు దిగంతానికి పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఆ దారి అయిదు రెట్లకు మించుతుంది. దిగంతాన్ని తాకే వేళకు అది ముప్పై రెట్లు దాటుతుంది. ఆ దీర్ఘ ప్రయాణంలో నీలి కాంతి గాలి అణువుల వలన చెదిరిపోగా పసుపు, నారింజ, ఎరుపు వర్ణాలు మిగులుతాయి. ఈ పరిక్షేపణను లార్డ్ రేలీ 1871లో గణితపూర్వకంగా వివరించాడు.

మంచు బిందువులు, ధూళి, ఊక వంటి పెద్ద కణాల తీరు వేరు. అవి తమ మీద పడిన కాంతిలో అధిక భాగాన్ని ముందుకే పంపుతాయి. అందుచేత సూర్యుణ్ణి వీపు వెనుక ఉంచుకున్నవానికి సరిగా కనిపించని పలుచని మంచు, సూర్యునికి ఎదురుగా తిరిగినవానికి వెలుగుతెరలా కనిపిస్తుంది. దూరపు చెట్లు లేతగా, దగ్గరి చెట్లు ముదురుగా వరుసలు తీరుతాయి. పొలానికి లోతు వచ్చేది ఇందువల్లనే.

నీడలు కూడా ఈ లోతుకు తోడ్పడతాయి. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే మనిషి నీడ మనిషంతే ఉంటుంది. పది డిగ్రీలకు దిగితే అయిదున్నర రెట్లు, అయిదు డిగ్రీలకు దిగితే పదకొండు రెట్లు సాగుతుంది. గట్లు, నాగటి చాళ్ళు, నాటు వరుసలు అప్పుడు గీసినట్లు తేటపడతాయి.

వేళ, దిక్కు

మన ప్రాంతం దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఇక్కడ సూర్యుడు నిటారుగా దిగుతాడు. ఉత్తర ఐరోపాలో గంటల తరబడి నిలిచే వాలు వెలుగు మనకు ఉండదు. చేయి చాచి పిడికిలి అడ్డం పెడితే అది సుమారు పది డిగ్రీలు. దిగంతం మీద పిడికిలంత ఎత్తున సూర్యుడుంటే అస్తమయానికి సుమారు నలభై నిమిషాలు ఉన్నదని గ్రహించాలి. స్థలాన్ని ముందురోజే చూసిపెట్టుకోకపోతే ఆ సమయమంతా గట్ల మీద నడవడానికే సరిపోతుంది.

దిక్కు కూడా ఋతువును బట్టి మారుతుంది. జూన్ చివర సూర్యుడు పడమటికి దాదాపు 24 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు చివర అంతే దక్షిణంగా అస్తమిస్తాడు. ఉగాది ప్రాంతంలో రెండు తాడిచెట్ల మధ్య దిగిన సూర్యుడు సంక్రాంతికి అక్కడ దిగడు.

ఉదయపు మంచుకు నవంబరు నుండి జనవరి వరకు అనుకూలం. నిర్మలమైన, గాలి లేని రాత్రి తడినేల చల్లబడితే తెల్లవారుజామున కాలువల వెంట మంచు నిలుస్తుంది. ఎండ కాగడంతోనే అది విడిపోతుంది. సాయంత్రాలలో మంచు అరుదు. ఆ వేళ మందలు, ట్రాక్టర్లు, తూర్పారబట్టే చేటలు లేపే ధూళియే ఆ పని చేస్తుంది.

పంటను బట్టి

వరి: దమ్ము చేసి నీరు పెట్టిన మడి అద్దం వంటిది. ఆకాశంలోని రంగంతా మడిలోకి దిగుతుంది. ఆ ప్రతిబింబమే మనకు కావలసినది గనుక ధ్రువణ ఫిల్టరు ఉంటే తీసివేయాలి. నాటిన నెల తరువాత లేత ఆకు గుండా వెలుగు దూరి పసిమి పచ్చగా మెరుస్తుంది. కంకి వాలిన దశలో కెమెరాను కంకి ఎత్తుకే దించి, వెనుక చెట్ల నీడ వచ్చేలా నిలబడాలి. ముదురు నేపథ్యం మీద కంకుల అంచులు బంగారు గీతల్లా కనిపిస్తాయి.

పొద్దుతిరుగుడు: ముదిరిన పువ్వు తూర్పుముఖంగానే నిలిచిపోతుంది. ఉదయం సూర్యునికి ఎదురుగా తీస్తే పువ్వుల వీపులే దొరుకుతాయి. సాయంత్రం పడమటికి తిరిగితే పువ్వు మన వైపు చూస్తూ ఉంటుంది, రేకుల వెనుక నుండి వెలుగు వస్తుంది. పువ్వు ముఖం కావలసినవారికి సాయంత్రమే తగిన వేళ.

పత్తి, జొన్న: విచ్చిన పత్తి దూదిపోగులు, జొన్న ఆకుల అంచులు ఎదురు వెలుగును బాగా పట్టుకుంటాయి.

మిరప: కళ్ళంలో ఆరబోసిన మిరపకాయ గుండా వెలుగు దూరదు. ఎదురు వెలుగులో ఆ ఎరుపు నల్లబడుతుంది. దీనికి పక్క వెలుగే మేలు.

కెమెరా అమరిక

కెమెరా లోపలి కాంతిమాపకం దృశ్యమంతటినీ మధ్యస్థపు బూడిద రంగుగా భావించి లెక్క కడుతుంది. సూర్యుడు చట్రంలో ఉంటే వెలుగు ఎక్కువైనదని ఎంచి పొలాన్ని చీకటి చేస్తుంది. పొలం వివరాలు కావాలంటే ఒకటి లేదా రెండు స్టాపులు ఎక్కువ కాంతిని ఇవ్వాలి. నీడచిత్రమే కావాలంటే సూర్యుని పక్కనున్న ఆకాశాన్ని కొలిచి ఆ విలువను నిలపాలి. ఐఎస్ఓ 100, ఎఫ్/11, సెకనులో 125వ వంతు అన్న అమరికతో మొదలుపెట్టి, అటూ ఇటూ మార్చి మూడు చిత్రాలు తీయడం క్షేమం. వర్ణ సమతుల్యాన్ని స్వయంచాలక స్థితిలో వదిలితే కెమెరా ఆ బంగారు ఛాయను తుడిచివేయవచ్చు. పగటి వెలుగు అమరికనే ఉంచాలి. మొబైల్ ఫోనులో తెర మీద ఆకాశాన్ని తాకి, వెలుగు గీతను వేలితో సరిచేసుకుంటే చాలును.

కటకం మీద వేలిముద్ర ఉంటే చిత్రమంతా తెల్లని మసక పరచుకుంటుంది. మెత్తని గుడ్డతో తుడవడం మొదటి పని. కటకానికి తొడుగు వేయడం, లేదా సూర్యుణ్ణి చెట్టు మాను వెనుకనో గడ్డివామి వెనుకనో సగం దాచడం రెండవది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద సూర్యబింబం పరిమాణం కటకం నాభ్యంతరంలో సుమారు వందో వంతు. 50 మిల్లీమీటర్ల కటకంతో అది అర మిల్లీమీటరు చుక్క. పెద్ద బింబం కోరేవారికి 200 మిల్లీమీటర్లు, ఆపైన అవసరం.

జాగ్రత్తలు

అద్దం గల కెమెరా దృశ్యరంధ్రం గుండా సూర్యుణ్ణి చూడరాదు. కటకం కిరణాలను కేంద్రీకరించడం వలన కంటిపొరకు శాశ్వత హాని కలుగవచ్చు. తెల్లవారుజామున గట్ల మీద పాములుంటాయి, మోటారు తీగలుంటాయి. దీపం, బూట్లు తప్పనిసరి. నారుమడిలో అడుగు పెట్టరాదు. పొలం యజమానిని అడగకుండా దిగరాదు. పొగ అందంగా వస్తుందని గడ్డి తగులబెట్టమని ఎవరినీ కోరరాదు. ఆ పొగ పీల్చేది పక్క ఇంటివారే.

ముఖం సంగతి

ఈ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. ఎదురు వెలుగు మనిషిని నల్లని ఆకారం చేస్తుంది. ఒక క్యాంపులో కోతల వేళ తీసిన చిత్రాన్ని అచ్చు వేయించి ఇస్తే, అందులో కొడవలి పట్టిన పెద్దావిడ చాలాసేపు చూసి, "బాగానే ఉన్నది గాని అయ్యా, ఇది నేనేనని నా మనవడికి ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఈ వ్యాస రచయిత వద్ద జవాబు లేకపోయింది. నాటి నుండి నీడచిత్రం తీసిన ప్రతిసారీ మనిషిని పక్కకు తిప్పి, తెల్లని తువాలు ఎదుట పట్టించి ముఖం మీదికి వెలుగు మళ్ళించి, రెండవ చిత్రం కూడా తీయడం అలవాటయింది.

1953లో కాలువలకు నీరు వచ్చిన తరువాత కోస్తా జిల్లాల నుండి తరలివచ్చి ఈ నేలను మడులుగా మలిచిన తరం వెళ్ళిపోతున్నది. 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, ఈ పచ్చదనం ఎంత సన్నని ఆధారం మీద నిలిచినదో అందరికీ తెలిసివచ్చింది. కావున ప్రతి చిత్రం వెనుక ఊరు, తేదీ, పంట, మనిషి పేరు వ్రాసి ఉంచాలి. తెలుగులోనూ కన్నడంలోనూ వ్రాయడం మరీ మేలు. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమే చదివిన మనుమలు రేపు ఆ పేరును చదువుకోగలగాలి.