కన్యాశుల్కం నాటకంలో ఇంగ్లీషు చదువు

గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం నాటకంలో గిరీశం, వెంకటేశం అనే గురుశిష్యుల మధ్య జరిగే ఇంగ్లీషు సంభాషణ తెలుగు సాహిత్యంలో నాటకీయ వ్యంగ్యానికి మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణలలో ఒకటి. బాలగేయం, పద్యపాఠం, పురాణగాథ, వ్యాకరణ సూత్రం - ఒకదానితో ఒకటి పొసగని వీటిని వరుసగా వల్లించి సంభాషణ అనిపించడమే ఇందలి చమత్కారం. ఆనాటి ఉన్నత పాఠశాలల ఇంగ్లీషు చదువుపై ఇది గట్టి విమర్శ కూడాను.

నేపథ్యం

గురజాడ 1862లో ఎస్.రాయవరంలో జన్మించాడు. ఈ ఊరు, విశాఖ ఉక్కునగరానికి చేరువనున్న పరవాడ, రెండూ చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరాయి. గురజాడ చదువు, ఉద్యోగం విజయనగరంలో సాగాయి. విద్యార్థి దశలోనే, 1883లో, సారంగధరుని కథను ఇంగ్లీషు కావ్యంగా వ్రాశాడు. తరువాత విజయనగరం హైస్కూలులో ఉపాధ్యాయుడుగాను, మహారాజా కళాశాలలో అధ్యాపకుడుగాను పనిచేశాడు. అంటే ఇంగ్లీషు చదువును ఎగతాళి చేసినవాడు ఆ చదువు ఎరుగనివాడు కాదు, ఆ భాషను పిల్లలకు నేర్పినవాడే.

కన్యాశుల్కం 1892లో తొలిసారి ప్రదర్శింపబడింది, 1897లో అచ్చయింది. నేడు విరివిగా చదవబడుతున్నది చాలా పెంచి, మార్చి వ్రాసిన 1909 నాటి రెండవ కూర్పు.

సన్నివేశం

వెంకటేశం పరీక్ష తప్పిన హైస్కూలు విద్యార్థి. సెలవులకు స్వగ్రామమైన కృష్ణారాయపురం అగ్రహారానికి గిరీశాన్ని వెంటబెట్టుకొని వస్తాడు. తండ్రి అగ్నిహోత్రావధాన్లు వేదం చదువుకున్నవాడు, ఇంగ్లీషు రాదు. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గిరీశం బడిపిల్లలు పాడే నక్షత్రం పాటతో మొదలుపెడతాడు. వెంకటేశం వాచకంలోని ఒక వాక్యం అప్పజెబుతాడు. తరువాత గిరీశం తగలబడుతున్న ఓడ మీద నిలబడిన బాలుని పద్యం ఎత్తుకుంటాడు. మాటకు మాట అందుతూనే ఉంటుంది, అర్థానికి అర్థం మాత్రం అందదు.

పురాణం, వ్యాకరణం

ఈ సంభాషణకు పరాకాష్ఠ మిల్టన్ కావ్యారంభం. మానవుని తొలి అవిధేయతను, నిషిద్ధ ఫలాన్ని ప్రస్తావించే ఆ ఘట్టం బైబిలులోని ఆదాము, అవ్వల కథకు సంబంధించినది. గిరీశం ఆ చెట్టును మామిడిచెట్టుగా మార్చి, కావ్యదేవతకు బదులు శిష్యుణ్ణి పాడమంటాడు. ఇంగ్లీషు తెలిసిన ప్రేక్షకుడు ఇక్కడే పకపకా నవ్వుతాడు. అంతటి పురాణ ప్రస్తావనకు వెంకటేశం ఇచ్చే సమాధానం ఒక బహువచన సూత్రం: ఎఫ్, ఎఫ్ఈ అక్షరాలతో ముగిసే నామవాచకాలలో అవి వీఈఎస్‌గా మారతాయని. లీఫ్, నైఫ్, వైఫ్ వంటి పదాలకు ఇది వర్తిస్తుంది. రూఫ్, చీఫ్ వంటి వాటికి వర్తించదు. కంఠస్థం చేసిన సూత్రంలో ఆ మినహాయింపు ఉండదు.

గమనించవలసినదేమంటే, ఇద్దరూ పలికిన వాక్యాలలో వ్యాకరణ దోషమంటూ పెద్దగా లేదు. విడివిడిగా చూస్తే అన్నీ పాఠాలలో ఉన్నవే. లోపమల్లా ఎవరూ ఎవరితోనూ ఏమీ చెప్పకపోవడం. వ్యాకరణ ప్రశ్నలకు మార్కులు వేసే పరీక్ష ఈ లోపాన్ని పట్టుకోలేదు.

వ్యంగ్యం పనిచేసే తీరు

రంగం మీది పాత్రలకు తెలియనిది ప్రేక్షకునికి తెలియడం నాటకీయ వ్యంగ్యం. అర్థమేమిటని అడిగినప్పుడు, సెలవులలో చదవవలసిన పుస్తకాల గురించి మాట్లాడుకున్నామని గిరీశం బుకాయిస్తాడు. వెంటనే పెద్దలు తెలుగు పద్యం చదవమంటారు. వెంకటేశం నలదమయంతుల పద్యం చదివి, అర్థమడిగితే తెల్లమొగం వేస్తాడు. ఇంగ్లీషులో దొరకని దొంగ తెలుగులో దొరికిపోయాడన్నమాట. పెద్దలు తమకు వచ్చిన భాషలోనే నిలదీయగలరు. రాని భాషకు మురిసిపోతారు.

ఈ నవ్వు వెనుక మరొకటి ఉంది. కొడుకుకు ఇంగ్లీషు చెప్పిస్తున్న ఈ ఇంట్లోనే చిన్న కూతురు సుబ్బిని డబ్బుకు ముసలి లుబ్ధావధాన్లుకు ఇచ్చే బేరం నడుస్తోంది. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువు. అర్థం తెలియని చదువు కొడుక్కి, అర్థం తెలియని పెళ్ళి కూతురికి. నాటకం పేరు మరచి ఈ సన్నివేశాన్ని ఉత్త హాస్యంగా చూడడం సబబు కాదు.

బోధనలో ఉపయోగం

వ్యంగ్యం, పురాణ ప్రస్తావన, వ్యాకరణం ఇంగ్లీషు తరగతిలో వేర్వేరు పాఠాలుగా వస్తాయి. వ్యంగ్యానికి నిర్వచనం వల్లించే విద్యార్థి కూడా కథలో అది ఎదురైతే మాటను ఉన్నదున్నట్లే తీసుకుంటాడు. ఉదాహరణకు ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి పాఠం "ఎ లెటర్ టు గాడ్"లో, డబ్బు పోగుచేసి పంపిన తపాలా ఉద్యోగులనే లెంచో దొంగలంటాడు. వారు నిజంగా దొంగలా అన్న సందేహం పిల్లలకు రావచ్చు. వెంకమ్మ మురిపెం ఎందుకు నవ్వు తెప్పిస్తుందో ముందు తెలుసుకున్నవారికి లెంచో మాట సులువుగా తెలుస్తుంది. పరవాడ పరిసరాల విద్యార్థికి కన్యాశుల్కంలోని ఉత్తరాంధ్ర పలుకుబడి పరాయిది కాదు గనుక ఈ దారి మరింత దగ్గర.

అనువాదం

ఈ నాటకానికి వెల్చేరు నారాయణరావు చేసిన ఇంగ్లీషు అనువాదం "గర్ల్స్ ఫర్ సేల్" 2007లో వెలువడింది. మూలంలో తెలుగు నడుమ ఇంగ్లీషు వినబడితేనే ఈ సన్నివేశానికి అందం. అంతా ఇంగ్లీషే అయినప్పుడు వెంకమ్మకు ఏది అర్థమైంది, ఏది కాలేదు అన్న తేడా చూపడం ఏ అనువాదకునికైనా కష్టమే.