మైకు నుంచి శాసనసభకు: దక్షిణ రాయలసీమలో టీవీ పాత్రికేయుల రాజకీయ ప్రవేశం, పార్టీ పగ్గాల సమస్య

తిరుపతి ఓటరుకు తెరమీది మనుషులు కొత్త కాదు. 1983లో ఎన్‌.టి. రామారావు గుడివాడతో పాటు ఇక్కడా పోటీచేసి రెండుచోట్లా గెలిచారు. 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడిపోయి తిరుపతిలో నెగ్గారు. ఇద్దరూ సొంతంగా పార్టీ పెట్టుకొని వచ్చినవాళ్ళే. వాళ్ళ విషయంలో అధ్యక్ష పదవి ముందు వచ్చింది, ఎమ్మెల్యే పదవి తర్వాత వచ్చింది. మరి సినిమా తెర కాకుండా వార్తల తెర మీద, చానల్ లోగో ఉన్న మైకు పట్టుకొని ఏళ్ళ తరబడి జనం మధ్య తిరిగిన విలేకరి రాజకీయాల్లోకి వస్తే ఏమవుతుంది? అతనికి ఎంతవరకు దారి ఇస్తారు, ఎక్కడ ఆపుతారు? చిత్తూరు జిల్లా పూతలపట్టును దగ్గరగా చూస్తే ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

2024 శాసనసభ ఎన్నికల్లో పూతలపట్టు నుంచి తెలుగుదేశం అభ్యర్థిగా గెలిచిన కలికిరి మురళీమోహన్ టీవీ పాత్రికేయం నుంచి వచ్చినవారు. వైఎస్సార్‌ కాంగ్రెస్ (వైసీపీ) అభ్యర్థి డాక్టర్ ఎం. సునీల్ కుమార్ మీద పదిహేను వేలకు పైగా ఓట్ల ఆధిక్యం సాధించారు. ఆ సీటు చరిత్ర తెలిసినవారికి ఇది మామూలు గెలుపు కాదు. 2008 పునర్విభజనలో ఏర్పడిన ఈ ఎస్సీ నియోజకవర్గంలో 2009లో కాంగ్రెస్ తరఫున పి. రవి, 2014లో వైసీపీ నుంచి సునీల్ కుమార్, 2019లో అదే పార్టీ నుంచి ఎం.ఎస్. బాబు గెలిచారు. మూడుసార్లూ టీడీపీ అభ్యర్థి ఎల్. లలితకుమారి ఓడిపోయారు. అంటే పార్టీ పుట్టిన జిల్లా కాకపోయినా పార్టీ అధినేత పుట్టిన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, ఆ పార్టీకి అప్పటిదాకా అందని సీటును ఒక విలేకరి అందుకున్నారు.

దీన్ని టీవీ మహిమ అనుకుంటే పొరపాటు. 2024లో రాష్ట్రమంతటా తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి గాలి వీచింది. ఆ గాలి లేకుండా పూతలపట్టు లెక్క ఎలా ఉండేదో చెప్పడం కష్టం. అయితే టికెట్ ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నది గాలికి సంబంధించిన విషయం కాదు. అసలు పరిశీలన అక్కడే మొదలుకావాలి.

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో రిజర్వుడు సీట్లు ఎక్కువ. సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు, సూళ్ళూరుపేట, గూడూరు శాసనసభ స్థానాలు, వాటితో పాటు తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీలకు కేటాయించినవే. వీటిలో ఇటీవల నిలబడినవారి, గెలిచినవారి వృత్తులు వరుసగా రాసుకుంటే ఒక పద్ధతి కనిపిస్తుంది. తిరుపతి ఎంపీ మద్దిల గురుమూర్తి ఫిజియోథెరపిస్టు. వైసీపీ అధినేత జగన్ పాదయాత్రలో వెంట నడిచారు, 2021 ఉప ఎన్నికలో గెలిచారు. చిత్తూరు ఎంపీ దగ్గుమళ్ళ ప్రసాదరావు ఆదాయపు పన్ను శాఖలో పనిచేసిన అధికారి. గంగాధర నెల్లూరు ఎమ్మెల్యే వి.ఎం. థామస్ డాక్టరు. 2014లో తిరుపతి ఎంపీగా గెలిచిన వరప్రసాదరావు మాజీ ఐఏఎస్. ఈ వరుసలో టీవీ విలేకరి చేరడంలో ఆశ్చర్యం లేదు.

పార్టీలు ఇక్కడ ఏం వెతుకుతున్నాయంటే, చదువూ వృత్తిగౌరవమూ ఉండి, మండలాల్లో అప్పటికే పాతుకుపోయిన నాయకులకు పోటీ కాని మనిషిని. మండలంలో పార్టీని నడిపేది చాలాచోట్ల ఆధిపత్య కులాల నాయకులే. రిజర్వుడు సీటులో ఎమ్మెల్యే మారతాడు, మండల నాయకుడు మారడు. పూతలపట్టులోనే దీనికి స్పష్టమైన నిదర్శనం ఉంది. 2024కు ముందు టికెట్ నిరాకరించినప్పుడు ఎం.ఎస్. బాబు బహిరంగంగానే, దళిత ఎమ్మెల్యేల సీట్లనే ఎందుకు మారుస్తున్నారని నిలదీశారు. ఆయన అడిగిన ప్రశ్న ఒక పార్టీకే చెందినది కాదు. వృత్తుల నుంచి వచ్చే కొత్తవాళ్ళకు ఈ సీట్లలో ప్రవేశం సులువు కావడానికీ, నిలదొక్కుకోవడం కష్టం కావడానికీ కారణం ఒకటేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మరి విలేకరి తనతో ఏం తెచ్చుకుంటాడు? ఈటీవీ 1995లో మొదలైంది. 2003 చివర ఈటీవీ2, 2004లో టీవీ9, 2007లో టీవీ5, 2009లో సాక్షి, ఏబీఎన్ వచ్చాక ప్రతి పట్టణంలో కెమెరా ఉన్న స్ట్రింగర్లు తయారయ్యారు. జిల్లా టీవీ విలేకరి జీవితం స్టూడియో యాంకర్ జీవితం లాంటిది కాదు. పొద్దున కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదుల దగ్గర నిలబడాలి, మధ్యాహ్నం ప్రమాదస్థలానికి పరుగెత్తాలి, సాయంత్రం ఏదో ఒక పార్టీ ప్రెస్‌మీట్. ఏ చెరువు ఎవరి ఆక్రమణలో ఉంది, ఏ ఎస్సై ఎవరి మాట వింటాడు, ఏ ఊళ్ళో శ్మశానానికి దారి లేదు అన్నవి అతనికి ఫైలు చూడకుండా తెలుస్తాయి. పార్టీలోకి వచ్చే డాక్టరుకు రోగులు తెలుసు, అధికారికి నిబంధనలు తెలుసు; విలేకరికి తగాదాలు తెలుసు. నియోజకవర్గ రాజకీయంలో దీనికి ఉన్న విలువ తక్కువేమీ కాదు.

తిరుపతిలో పనిచేసే విలేకరికి మరో అనుభవం కూడా దక్కుతుంది. శ్రీవారి దర్శనం చేసుకొని ఆలయం బయటికి వచ్చే ప్రముఖుల కోసం తిరుమలలో మైకులు వరుసగా సిద్ధంగా ఉంటాయి. ముఖ్యమంత్రులు, కేంద్రమంత్రులు, న్యాయమూర్తులు, సినీనటులు, పొరుగు రాష్ట్రాల ప్రతిపక్ష నేతలు పట్టువస్త్రంతో, చేతిలో ప్రసాదంతో బయటికి వస్తారు. 2024 చివరి దాకా, దేవుణ్ణి ఏం కోరుకున్నారన్న ప్రశ్నతో మొదలైన బైట్ రెండో వాక్యానికే రాజకీయం అయిపోయేది. దేశంలో మరే జిల్లా కేంద్రంలోనూ చిన్న విలేకరికి ఇంతమంది పెద్దల మాటతీరును ఇంత దగ్గరగా చూసే అవకాశం దొరకదేమో. ఏ ప్రశ్నకు నాయకుడు తడబడతాడో, ఎక్కడ నవ్వి తప్పించుకుంటాడో కళ్ళతో చూసి నేర్చుకునే బడి అది.

తెరకూ పత్రికావృత్తికీ ఉన్న తేడాను ఇక్కడ మరవకూడదు. నగరి నుంచి 2014లో 858 ఓట్ల ఆధిక్యంతో, 2019లో మళ్ళీ గెలిచిన ఆర్.కె. రోజా ఎమ్మెల్యేగా ఉంటూనే టీవీ కార్యక్రమాల్లో కనిపించారు. 2022లో మంత్రి అయ్యాక వాటిని వదిలేశారు. ఆమె బలం సినీనటిగా వచ్చిన గుర్తింపు. ప్రశ్నలు అడిగే వృత్తితో దానికి సంబంధం లేదు.

ప్రశ్న అడిగినవాడు జవాబు చెప్పాల్సినవాడిగా మారితే ఏమవుతుందో 2025 మామిడి కాలం చూపించింది. పూతలపట్టు నియోజకవర్గంలోని ఐదు మండలాలు పూతలపట్టు, ఐరాల, తవణంపల్లె, బంగారుపాళ్యం, యాదమరి. కాణిపాకం వినాయకుడి గుడి ఐరాల మండలంలో ఉంది. ఈ ప్రాంతపు జీవనాడి తోతాపురి మామిడి. గుజ్జు ఫ్యాక్టరీలు కొంటేనే రైతుకు డబ్బు. ఆ ఏడాది ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించారు. ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. జులై 9న జగన్మోహనరెడ్డి బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు వచ్చారు. పోలీసులు 500 మందికే అనుమతి అన్నారు, జనం దాన్ని దాటి వచ్చారు. రోడ్డు మీద కాయలు పారబోశారు. రైతుల కడుపుమంట అని ఒక పక్షం అంది, కావాలని చేయించిన నాటకం అని మరో పక్షం అంది. చానళ్ళు కూడా అలాగే రెండుగా చీలి చూపించాయి. అంతకుముందు ఇలాంటి సంఘటన జరిగితే విలేకరి చేయాల్సింది యార్డులో నిలబడి ధర ఎంత పలికిందో రైతు నోటితో చెప్పించడం. ఇప్పుడు ఆ సీటు ఎమ్మెల్యే అధికారపక్షంలో ఉన్నారు. పాత వృత్తి నేర్పిన నిజాయితీకి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఉండదు. ఎందుకంటే తోతాపురి రైతుకు కావలసింది ఏ చానల్ కథనమూ కాదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర తూకం, ఆ తర్వాత బ్యాంకు ఖాతాలో డబ్బు.

ఇక పార్టీ నాయకత్వం సంగతి. తెలుగునాట పాత్రికేయులు మంత్రుల దాకా ఎదిగారు. ఈనాడు విలేకరిగా మొదలైన కాలవ శ్రీనివాసులు అనంతపురం ఎంపీ అయ్యారు, తర్వాత సమాచార మంత్రిగా పనిచేశారు. అదే పత్రిక నుంచి వచ్చిన కురసాల కన్నబాబు 2019లో వ్యవసాయ మంత్రి. కానీ పార్టీ పగ్గాలు మాత్రం వార్త రాసినవాడి చేతికి రాలేదు; వార్తాసంస్థ ఉన్నవాడికి, రాజకీయ కుటుంబం ఉన్నవాడికి, సినిమా అభిమానులు ఉన్నవాడికి వచ్చాయి. సాక్షి పత్రిక, చానల్ పెట్టిన జగన్ 2011లో పార్టీ పెట్టారు. ఇక్కడ మీడియా నుంచి అధికారానికి వెళ్ళే దారి విలేకరికన్నా యజమానికే వెడల్పు. టీవీ5 అధినేత, చిత్తూరు జిల్లాకే చెందిన బి.ఆర్. నాయుడు 2024 నవంబరులో టీటీడీ బోర్డు చైర్మన్ కావడం కూడా ఈ నేపథ్యంలోనే చూడాలి. ఆయన అధ్యక్షతన జరిగిన తొలి సమావేశంలోనే తిరుమలలో రాజకీయ వ్యాఖ్యల మీద నిషేధం తీర్మానించారు. కొండమీద విలేకరులు ఏళ్ళుగా పట్టుకున్న రాజకీయ బైట్‌కు అడ్డుకట్ట వేసినది ఒక చానల్ యజమాని నాయకత్వంలోని బోర్డు. నిర్ణయం మంచిదే. అయితే విలేకరికీ యజమానికీ మధ్య అధికారంలో ఎంత దూరముందో అది చూపిస్తుంది.

తెలంగాణలోనూ ఇదే కథ. టీవీ పాత్రికేయుడు చంటి క్రాంతికిరణ్ 2018లో అందోలులో టీఆర్‌ఎస్ టికెట్ మీద గెలిచారు, 2023లో ఓడారు. వీ6లో తీన్మార్ వార్తలతో పేరు తెచ్చుకున్న చింతపండు నవీన్, అదే తీన్మార్ మల్లన్న, మరోలా నడిచారు. 2021 పట్టభద్రుల ఎన్నికలో స్వతంత్రంగా నిలబడి రెండో స్థానంలో నిలిచారు, ఆ తర్వాత బీజేపీ, ఆ తర్వాత కాంగ్రెస్, 2024లో ఎమ్మెల్సీ, 2025 మార్చిలో సస్పెన్షన్, అదే సెప్టెంబరు 17న తెలంగాణ రాజ్యాధికార పార్టీ. మూడు పార్టీల చరిత్రను నాలుగేళ్ళలో కుదించుకున్న ఈ ప్రయాణం ఒక్క విషయం తేల్చి చెబుతుంది: ఉన్న పార్టీల్లో విలేకరికి సీటు దొరికింది, పగ్గం దొరకలేదు. పగ్గం కావాలంటే పార్టీ కొత్తగా కట్టుకోవలసి వచ్చింది.

గుజరాత్‌లో మాత్రం పగ్గం దొరికింది. వీటీవీలో రైతు సమస్యల మీద మహామంథన్ కార్యక్రమం నడిపిన ఇసుదాన్ గఢ్వీ 2021లో ఆమ్‌ ఆద్మీలో చేరి, 2022 నవంబరులో ముఖ్యమంత్రి అభ్యర్థి అయ్యారు. ఖంభాళియాలో ఓడిపోయారు. పార్టీకి దక్కినవి 5 సీట్లు. అయినా 2023 జనవరిలో రాష్ట్ర అధ్యక్షుడయ్యారు. ఆ పార్టీకి అక్కడ పాత వారసులు లేరు, మండల పెద్దలు లేరు, కుర్చీ ఖాళీగా ఉంది.

పూతలపట్టు ఎమ్మెల్యేకు అలాంటి ఖాళీ కుర్చీ లేదు. ఆయనకు పోలిక దగ్గర్లోనే ఉంది. పునర్విభజనకు ముందు ఈ జిల్లాలో వేపంజేరి అనే ఎస్సీ నియోజకవర్గం ఉండేది. డాక్టర్ గుమ్మడి కుతూహలమ్మ అక్కడి నుంచి పలుసార్లు గెలిచి, డిప్యూటీ స్పీకర్‌గా పనిచేశారు. సీటే మాయమైనప్పుడు ఆమె 2009లో గంగాధర నెల్లూరుకు మారి మళ్ళీ గెలిచారు. ఆమెను ఓటర్లు గుర్తుపెట్టుకున్నది వైద్యురాలిగా మాత్రమే కాదు, దశాబ్దాల పాటు ఊరూరా తిరిగిన నాయకురాలిగా. రాబోయే పునర్విభజనలో నియోజకవర్గాల సరిహద్దులు మళ్ళీ మారవచ్చు, రిజర్వేషన్లూ మారవచ్చు. ఆలోగా మండల కమిటీల్లో, మార్కెట్ యార్డు పాలకవర్గంలో, సహకార సంఘాల్లో ఎవరి పేర్లు రావాలో నిర్ణయించే మాట మురళీమోహన్‌కు దక్కుతుందా అన్నదే ఆయన నాయకత్వానికి అసలు కొలత.