దవడ సరిచేస్తే చాలునా? పలువరుస నేర్పిన పాఠం

దవడ ఎముకను కోసి, జరిపి, ముఖాన్ని సరిదిద్దే శస్త్రచికిత్స నేడు మన నగరాలలోనూ జరుగుతున్నది. ముందుకు పొడుచుకువచ్చిన దిగువ దవడ, వెనుకబడిన గడ్డం, ఎంత మూసినా ముందరి పళ్ళు కలవని నోరు ఉన్నవారు దీనికి సిద్ధపడుతున్నారు. వాపు తగ్గి అద్దంలో ముఖం చక్కగా కనిపించగానే పని ముగిసిందని వారిలో కొందరు తలుస్తారు. మరికొందరు అన్నం నమలబోయి, పళ్ళు ఒకటి రెండు చోట్ల మాత్రమే తాకుతున్నాయని గమనించి, చికిత్స విఫలమైనదని బెంగపడతారు. ఈ రెండు తలపులూ తొందరపాటువే. ఎందుకో తెలియాలంటే ఈ చికిత్స నడచివచ్చిన దారిని ఒకమారు చూడాలి.

ఈ కథ అమెరికాలోని వీలింగ్ పట్టణంలో మొదలవుతుంది. అక్కడి వైద్యుడు సైమన్ హల్లిహెన్ 1849లో ఒక యువతికి చేసిన చికిత్సను ప్రకటించాడు. చిన్ననాడు కాలిన గాయపు మచ్చ ఆమె మెడను కిందికి లాగివేసింది. ఎదిగే వయసులో ఆ లాగుడుకు దిగువ దవడ సాగి, ముందరి పళ్ళు కలవకుండా పోయాయి. హల్లిహెన్ దవడ నుండి ఎముక ముక్కను కోసి తీసి, ముందు భాగాన్ని వెనుకకు జరిపాడు. ఆ తరువాత మైనంతో దవడ అచ్చు తీసి, దానికి తగినట్లు వెండి రేకును మలచి, పళ్ళకూ చిగుళ్ళకూ అమర్చి, జరిపిన భాగాన్ని కదలకుండా నిలిపాడు. ఎముకను ఎక్కడ నిలపాలో పళ్ళను బట్టి నిర్ణయించాలన్న ఎరుక ఆ తొలి ప్రయత్నంలోనే ఉన్నది.

సుమారు ఐదు దశాబ్దాల తరువాత రంగం సెయింట్ లూయిస్ నగరానికి మారింది. అక్కడ విల్రే బ్లేర్ అనే శస్త్రవైద్యుడు 1897లో ముందుకు పొడుచుకువచ్చిన దిగువ దవడను రెండు వైపులా కోసి కురచ చేశాడు. అదే నగరంలో ఎడ్వర్డ్ ఏంగిల్ అనే దంతవైద్యుడు, పై పలువరుసలోని మొదటి పెద్ద దంతాన్ని ఆధారంగా తీసుకొని, పలువరుసల కలయికలోని లోపాలను 1899లో మూడు తరగతులుగా విభజించాడు. నేటికీ దంతవైద్యులు ఆ విభజననే వాడుతున్నారు. బ్లేర్ 1907లో రాసిన వ్యాసంలో దవడ వికృతులను సరిచేసేటప్పుడు పలువరుసను సరిచేసే నిపుణుని తోడ్పాటు ముందునుంచే తీసుకోవాలని సూచించాడు. అయితే ఆ మాట ఆచరణలో స్థిరపడడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది.

ఈలోగా శస్త్రవైద్యులు కోతలో నైపుణ్యం సాధిస్తూ వచ్చారు. ఫ్రాన్సు దేశానికి చెందిన రెనే లెఫోర్ మృతదేహాల తలలపై దెబ్బలు వేసి పరిశీలించి, ముఖపు ఎముకలు ప్రధానంగా మూడు గీతల వెంట విరుగుతాయని 1901లో తెలిపాడు. వాటిలో అన్నిటికంటే కింది గీత పై పళ్ళ వేళ్ళకు కొంచెం ఎగువగా సాగుతుంది. జర్మనీలో వాస్‌మండ్ 1927లో, ముందరి పళ్ళు కలవని రోగికి, ఆ గీత వెంబడే పై దవడను కోశాడు. దెబ్బ తగిలితే విరిగే చోటే చికిత్సకు దారి అయింది.

దిగువ దవడకు సరియైన కోత ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో రూపుదిద్దుకొన్నది. హ్యూగో ఓబ్వెగెసర్ 1953లో నోటి లోపలి నుండే దవడ వెనుక భాగాన్ని, వెదురును నిలువునా చీల్చినట్లు, రెండు పొరలుగా విడదీశాడు. పొరలు ఒకదానిపై ఒకటి జారుతాయి కనుక దవడను ముందుకైనా వెనుకకైనా జరపవచ్చు. ఎముకకు ఎముక విశాలంగా తాకి ఉంటుంది కనుక త్వరగా అతుకుతుంది. ముఖంపై మచ్చ ఉండదు. ట్రౌనర్‌తో కలసి ఆయన ప్రకటించిన వ్యాసం 1957లో ఆంగ్లంలో వెలువడి, ఈ పద్ధతిని లోకమంతటికీ చేర్చింది. పై దవడను కోసి కిందికి దించితే దానికి రక్తం అందుతుందా అన్న భయం మాత్రం చాలాకాలం మిగిలింది. అమెరికా వైద్యుడు విలియం బెల్ కోతులపై పరిశోధనలు జరిపి, అంగిలీ చిగుళ్ళ కండల ద్వారానే కావలసిన రక్తం చేరుతుందని నిరూపించి, 1970వ దశకంలో ఆ భయం తీర్చాడు.

కోత నిర్భయమైన తరువాత అసలు చిక్కు బయటపడింది. దవడ సరియైన చోటికి వచ్చినా పళ్ళు కుదరలేదు! కారణం ఇది. దిగువ దవడ ముందుకు పెరిగినవారిలో, పై పళ్ళను అందుకోవడానికి కింది ముందరి పళ్ళు క్రమంగా నాలుక వైపుకు వాలుతాయి. పైవి పెదవి వైపుకు వాలుతాయి. దవడలోని లోపాన్ని పళ్ళు తమ వాలుతో కొంత కప్పిపుచ్చుతాయన్నమాట. అలా వాలిన పళ్ళను అట్లాగే ఉంచి దవడను జరిపితే, జరగవలసినంత దూరం జరగకముందే పళ్ళు ఢీకొంటాయి. అందుచేత ముందుగా తీగలు, క్లిప్పులు కట్టి, పళ్ళను వాటి ఎముకపై నిటారుగా నిలబెట్టే పద్ధతి వచ్చింది. ఈ దశలో ముఖం మునుపటికంటే వికారంగా కనిపించడం సహజం. కప్పిపుచ్చిన లోపం పూర్తిగా బయటపడుతుంది కనుక కుటుంబసభ్యులు కంగారు పడతారు. ఇది చికిత్సలో ఒక మెట్టు అని ముందే తెలిసి ఉంటే ఆ కంగారు ఉండదు.

ఇక శస్త్రచికిత్స తరువాతి సంగతి. పూర్వం పై దవడనూ కింది దవడనూ తీగలతో ఆరు నుండి ఎనిమిది వారాలు బిగించి కట్టేవారు. గంజి, పాలు, పళ్ళరసాలే ఆహారం. వాంతి వస్తే ఊపిరి ఆడదేమోనని తీగలు తెంచే కత్తెరను మంచం పక్కనే ఉంచేవారు. 1974లో స్పీసెల్ ఎముక పొరలను మరలతో బిగించే పద్ధతిని తెలిపాడు. ఆపై చిన్న లోహపు పలకలు వచ్చాయి. నోరు త్వరగా తెరుచుకోగలగడం రోగికి మహోపకారం. కానీ దానితో బాధ్యత కూడా పెరిగింది. మర ఎముకను ఏ స్థితిలో పట్టుకుంటే ఆ స్థితే నిలిచిపోతుంది. మత్తులో, వెల్లకిలా పడుకొని, కండరాలు సడలి ఉన్నప్పుడు, చెవి ముందరి కీలులో దవడ తల కొంచెం పక్కకు తొలగినా, మెలకువ వచ్చాక పలువరుస మారిపోతుంది. అందుకే నేడు ముందుగానే తయారుచేసిన అచ్చును పళ్ళ నడుమ ఉంచి దవడను అమర్చుతారు. హల్లిహెన్ వెండి రేకుకు అది వారసురాలు.

అన్నంలో చిన్న ఇసుకరేణువును సైతం పసిగట్టేవి మన పళ్ళు. శస్త్రచికిత్సలో సాధించే అమరికకూ, పళ్ళు కోరుకొనే అమరికకూ మధ్య కొద్దిపాటి తేడా మిగులుతుంది. ఆ తేడాను తీర్చడానికే శస్త్రచికిత్స తరువాత రబ్బరు పట్టీలతో, తీగలతో మరికొన్ని నెలలు, సాధారణంగా ఆరు నుండి పన్నెండు నెలలు, చికిత్స సాగుతుంది. జపాన్ వైద్యులు 2009లో ప్రకటించిన పద్ధతిలో శస్త్రచికిత్సనే ముందు చేసి, పళ్ళ పని అంతా ఆ తరువాత చేస్తారు. తగినవారికి అది కాలాన్ని ఆదా చేస్తుంది. అయితే ఆ దారిలోనూ పళ్ళ పని తప్పదు, ముందువెనుకలే మారుతాయి.

ఇంత చరిత్రా చెప్పినది ఎందుకంటే, చికిత్సను సగంలో వదలడం వల్ల కలిగే నష్టాన్ని మీకు విశదం చేయడానికి. ముఖం బాగున్నదని రబ్బరు పట్టీలు మానివేస్తే, పలువరుస స్థిరపడదు. క్లిప్పులు తీసిన తరువాత ఇచ్చే నిలుపుదల పరికరాన్ని పెట్టుకోకపోతే పళ్ళు పాత దారి పడతాయి. ముందరి పళ్ళు కలవని స్థితికి చికిత్స పొందినవారిలో నాలుక తోపిడి, కండరాల లాగుడు వల్ల లోపం తిరిగి వచ్చే అవకాశం మరీ ఎక్కువ.

మొదటి వారాలలో పళ్ళు అసమానంగా తాకడం, కింది పెదవికీ గడ్డానికీ తిమ్మిరి ఉండడం తరచు కనిపించేవే. తిమ్మిరి చాలామందిలో నెలల మీద తగ్గుతుంది. కొందరిలో కొంత శాశ్వతంగా మిగలవచ్చు. ఈ మాట శస్త్రచికిత్సకు ఒప్పుకోకముందే వైద్యుని అడిగి తెలుసుకోండి. కాని నిన్నటివరకు కలిసిన పళ్ళు ఈనాడు హఠాత్తుగా కలవకపోయినా, ఎముక కదులుతున్నట్లు అనిపించినా, నొప్పి వాపు తగ్గవలసింది పోయి పెరిగినా, జ్వరమో చీమో కనిపించినా ఆలస్యం చేయక శస్త్రవైద్యుని కలవండి. నెలలు, ఏళ్ళు గడిచాక గడ్డం మెల్లగా వెనుకబడుతూ ముందరి పళ్ళ నడుమ సందు ఏర్పడితే, కీలులోని ఎముక అరుగుతున్నదేమో పరీక్షించాలి.

దవడకు ఒక వైద్యుడు, పళ్ళకు మరొక వైద్యుడు ఉంటారు. ఇద్దరూ కలసి వేసిన ప్రణాళికను మొదటిరోజే, ఇద్దరి సమక్షంలో, ఎన్ని నెలలు, ఎన్ని దశలు, ఎంత ఖర్చు అని విప్పి చెప్పించుకోండి. బ్లేర్ 1907లో వైద్యులకు చెప్పిన మాటను నేడు రోగులు కూడా గుర్తుంచుకొంటే మేలు.