మూర్ఛ అనంతర జ్ఞాపకశక్తి లోపం

మూర్ఛ లేదా ఫిట్స్ తగ్గిన తరువాత రోగికి కలిగే అయోమయాన్ని, మతిమరుపును మూర్ఛ అనంతర జ్ఞాపకశక్తి లోపం అంటారు. ఇది సాధారణంగా కొన్ని నిమిషాల నుండి కొన్ని గంటల వరకు, ఒక్కొక్కసారి కొన్ని రోజుల వరకు ఉంటుంది.

కారణాలు

కొత్త విషయాలను జ్ఞాపకాలుగా నిలిపే హిప్పోకాంపస్ మెదడులోని టెంపోరల్ లోబ్ లోపలి భాగంలో ఉంటుంది. మూర్ఛ ఇక్కడ మొదలయ్యేవారిలో మతిమరుపు ఎక్కువ. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే రోగికి మూర్ఛ తగ్గించుటకై రెండు వైపులా ఈ భాగాన్ని చాలావరకు తొలగించారు. ఫిట్స్ తగ్గినా, 2008లో మరణించేవరకు ఆయనకు కొత్త సంఘటనలు గుర్తు నిలువలేదు.

కుటుంబ సభ్యుల పాత్ర

* తెలివి వచ్చిన రోగికి తానెక్కడ ఉన్నదీ, ఏమి జరిగినదీ నెమ్మదిగా చెప్పాలి. గుర్తు లేదా అని నిలదీయరాదు.
* రోగికి ఫిట్స్ వచ్చిన సంగతే తెలియకపోవచ్చు. కనుక చూసినవారే తేదీ, సమయం, వ్యవధి వ్రాసి వైద్యునికి చూపాలి.
* మందు వేసుకున్నదీ లేనిదీ మరచి మానివేసినా, రెండుసార్లు వేసుకున్నా ప్రమాదమే. రోజుకొక గడి ఉన్న మందుల పెట్టె ఇందుకు ఉపయోగపడుతుంది.
* ఫిట్స్ 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తరలించాలి.